రింగ్ అవుతూనే ఉందండీ

పదకొండో భాగం

గత వారం సత్యశ్రీని ఆమె ఆఫీసు మెట్ల దగ్గర వదిలాం. 2009 అక్టోబరు. కృష్ణకి ఆ తరం ఎరగని వరద వచ్చి మూడు రోజులైంది. అవనిగడ్డ దిగువన జమ్ములంక నుంచి ఎనిమిది మంది ఆడవాళ్లని ఒడ్డుకు చేర్చబోయిన పడవ తిరగబడింది. ఏడుగురు దొరికారు. చేపలమ్ముకునే గంగాదేవి దొరకలేదు. ఆమె భర్త పోలరాజు బెజవాడ వచ్చి, సెల్‌ఫోన్ కంపెనీలో ఇంజనీరైన సత్యశ్రీ ముందు నిలబడి ఒకే మాట అన్నాడు.

"రింగ్ అవుతూనే ఉందండీ. ఎత్తట్లేదంతే."

రింగ్ అవుతోందంటే ఆ ఫోను నీళ్లలో లేదు. టవర్ లెక్కలు తీసింది సత్యశ్రీ. ఫోను నుంచి సిగ్నల్ రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలిసింది: అవనిగడ్డ టవర్‌కి ఆగ్నేయంగా, ఐదు కిలోమీటర్ల అవతల, విల్లులా వంగిన పట్టీలో ఎక్కడో ఉంది. పట్టీ వెడల్పు అరకిలోమీటరు, పొడవు పది. అంతకన్నా దగ్గరగా చెప్పడం టవర్‌కి చేతకాదు. ఆ మిగతా దూరం చెప్పగల మనిషి బెజవాడలో ఒక్కడే ఉన్నాడు. పదమూడేళ్లుగా ఆమె ఆయన గుమ్మం తొక్కలేదు.

*

భవానీపురంలో ఆ వీధి చివర నీళ్లు నిలిచాయి. మునగని సగంలో మూడో ఇల్లు కృపానందం మాస్టారిది. భార్యని మంగళగిరిలో ఆమె తమ్ముడింటికి పంపించి, ఆయన మాత్రం సామాన్లు అటక మీదికి ఎక్కిస్తూ ఉండిపోయాడు. తలుపు తీసి సత్యశ్రీని చూశాడు. పక్కకి జరిగాడు.

ఇంట్లో ఇంకా అదే వాసన, టంకం వేసేటప్పుడు వచ్చే పొగ వాసన. సత్యశ్రీకి ఇరవై ఏళ్లప్పటి ఆదివారాలన్నీ ఒక్కసారి ముక్కుకి తగిలాయి.

అప్పట్లో ఆయన పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసేవాడు. ఆదివారం వస్తే హామ్ రేడియో క్లబ్బు. ఎండాకాలం కృష్ణ ఇసుకలో వాళ్లకొక ఆట ఉండేది. మాస్టారు తెల్లారే వెళ్లి, అగ్గిపెట్టెంత ట్రాన్స్‌మిటర్‌ని టిఫిను డబ్బాలో పెట్టి ఇసుకలో ఎక్కడో పాతేసి వచ్చేవాడు. పిల్లలంతా సైకిళ్ల మీద చేరేవాళ్లు. చేతుల్లో చెక్క చట్రాలకి రాగితీగ చుట్టిన ఏరియల్స్, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఏరియల్‌ని మెల్లగా తిప్పుతూ, శబ్దం ఎక్కడ సన్నగిల్లుతోందో వింటూ (డబ్బా ఉండేది ఆ గీత మీదే), ఇసుకలో పరుగులు. డబ్బా మొదట దొరకబుచ్చుకున్న వాళ్లకి అందులో ఉన్న సున్నుండలన్నీ. నాలుగేళ్లలో ఎక్కువ సున్నుండలు తిన్నది సత్యశ్రీ. రెండో స్థానం అఫ్రాజ్‌ది. వాడిప్పుడు గవర్నరుపేటలో రేడియోలు, టీవీలు బాగుచేస్తున్నాడు.

ఫోన్లు లేని రోజులవి. ఎస్టీడీ బూత్ ముందు వరసలో నిలబడే కాలంలో, తీగ లేకుండా మచిలీపట్నంతో మాట్లాడగలమన్న గర్వం ఒకటి ఆ పిల్లల ముఖాల మీద ఉండేది.

"అఫ్రాజ్ చెప్పాడు మాస్టారూ," అంది సత్యశ్రీ. "సెల్ మోగితే పట్టేసే డబ్బా ఏదో చేశారట."

"వాడికి నోరాగదు." కృపానందం కుర్చీలో కూర్చున్నాడు. "పక్కింటావిడ సెల్లు మోగబోయే ముందు మన రేడియోలో టుక్ టుక్ టుర్ర్‌మని గోల వస్తుంది కదా. వార్తలు విననిచ్చేది కాదు. ఆ గోలని చెదరగొట్టే బదులు, అదే వినిపించే డబ్బా చేస్తే ఎలా ఉంటుందని చేశాను. ఉబుసుపోక."

"ఎంత దూరం నుంచి వినపడుతుంది?"

"అడ్డంకుల్లేకపోతే రెండు మూడొందల మీటర్లు. ఎందుకూ?"

చెప్పింది. పోలరాజు గురించి, రింగు గురించి, పది కిలోమీటర్ల పట్టీ గురించి చెప్పింది. అందులో నీళ్ల పైకి ఏదైనా నిలిచి ఉన్న చోట్లూ చెట్లున్న చోట్లూ మాత్రమే తీసుకుంటే మూడు కిలోమీటర్లు మిగులుతుందని, పడవ సిద్ధంగా ఉందని, ఆ ఫోనులో ఛార్జింగ్ ఎంతుందో ఎవరికీ తెలియదని చెప్పింది. అంతా విని ఆయన లేచి, అటక మీది నుంచి బిస్కెట్ల రేకు డబ్బా దించి, గుడ్డతో తుడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"తీసుకెళ్లు. ఎలా వాడాలో నీకు నేను చెప్పక్కర్లేదు."

"మీరు రండి."

"నేను రాను."

"దీన్ని చేసింది మీరు. దీని గోలలో ఏది ఫోనో ఏది మోటారో మీకే తెలుస్తుంది."

"నా చెవులు పోయాయి సత్యా. పిట్టల కూత వినపడి నాలుగేళ్లయింది."

"ఇది పిట్ట కూత కాదు కదా. బొంగురు శబ్దం. ఇది వినపడుతుంది మీకు."

కృపానందం కిటికీ దగ్గరికెళ్లి వీధి చివరి నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాడు. సత్యశ్రీకి ఓపిక అయిపోయింది.

"తొంభై ఆరులో నేను తప్పు రాశాను. ఒప్పుకుంటున్నాను. ఆ కోపం ఇప్పుడు గంగాదేవి మీద చూపించకండి మాస్టారూ."

కృపానందం వెనక్కి తిరిగాడు.

*

తొంభై ఆరు నవంబరు తుఫానులో, మచిలీపట్నం దగ్గరి ఒక పల్లెలో, తుఫాను షెల్టరు మేడ మీద క్లబ్బు వాళ్లు వైర్‌లెస్ సెట్టు పెట్టారు. ఫోను తీగలన్నీ తెగిపోయాయి. ఆ సాయంత్రం ఒక మరపడవ నుంచి గొంతు వినపడింది. ఇంజను ఆగిపోయింది, ఐదుగురం ఉన్నాం, ఎక్కడున్నామో తెలియట్లేదు. బ్యాటరీ చచ్చిపోతున్న గొంతు. కృపానందం ఏరియల్ తిప్పి దిక్కు చెప్పాడు. గాలి హోరులో సత్యశ్రీ లాగ్‌బుక్‌లో, అందిన కబుర్లు నమోదు చేసే పుస్తకంలో, రాసింది: తొంభై డిగ్రీలు. తూర్పు. సముద్రం వైపు. వెతికే పడవలు అటు వెళ్లాయి. మరపడవ పడమటి వైపు మడ చెట్లలో చిక్కుకుని ఉంది. మూడో రోజు దొరికింది. ఐదుగురిలో ఇద్దరే మిగిలారు.

విచారణకి వచ్చిన అధికారి లాగ్‌బుక్ తెరిచి, "ఈ చేతిరాత ఎవరిది?" అని అడిగాడు.

"మా క్లబ్బు అమ్మాయి రాసింది," అన్నాడు కృపానందం. ఆ పైన ఏమీ అనలేదు.

తను తొంభై అనే విన్నానని సత్యశ్రీకి ఆ రోజు గట్టిగా తెలుసు. నెల తిరిగేసరికి కొంచెం తెలుసు. ఏడాదికి, రెండొందల డెబ్భై, అంటే పడమర, అని ఆయన చెప్తే తనే తొంభై అని విన్నానేమో అనిపించింది. తర్వాత అదే నిజమైపోయింది. ఆమె క్లబ్బుకి వెళ్లడం మానేసింది, క్లబ్బు కూడా మూతపడింది. ఇప్పటికీ ఆఫీసులో ఎవరైనా ఒక నంబరు చెప్తే ఆమె మూడుసార్లు చెప్పించుకుంటుంది. జూనియర్లు వెనక నవ్వుకుంటారని ఆమెకి తెలుసు.

*

"నువ్వు తప్పు రాయలేదు," అన్నాడు కృపానందం.

ఆమెకి అర్థం కాలేదు.

"నేను తొంభై అనే చెప్పాను. నువ్వు తొంభై అనే రాశావు. ఆ రాగితీగ ఏరియల్ గీత ఒక్కటే చెప్తుంది సత్యా, గీతకి ఏ కొసన ఉందో చెప్పదు. ముందైనా కావచ్చు, వెనకైనా కావచ్చు. ఇంకో చోటికెళ్లి రెండోసారి చూస్తేనే తేలుతుంది. మీకందరికీ మొదటి రోజు నేర్పే పాఠం అది. ఆ రోజు రోడ్డు మీద చెట్లు పడ్డాయి, గాలి కొడుతోంది, దిగడానికి భయమేసింది. మరపడవ అన్నాక సముద్రంలోనే ఉంటుందిలే అనుకున్నాను. ఊహించి చెప్పాను."

"మరి ఆ అధికారి అడిగినప్పుడు..."

"చేతిరాత ఎవరిదని అడిగాడు. నీదే కదా. అబద్ధం చెప్పలేదు." ఆయన మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. "ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నాళ్లూ బతికాను. నీకు ఉద్యోగం వచ్చిందని అఫ్రాజ్ చెప్పినప్పుడు, పోన్లే, పిల్లకేం నష్టం కాలేదనుకున్నాను."

సత్యశ్రీ రేకు డబ్బాని పక్కన పెట్టింది. కూర్చుంది. ఏడుపు రాలేదు. ఇరవై రెండేళ్ల పిల్ల ఒకతి, గాలిలో ఎగిరే కాగితాన్ని మోచేత్తో అదిమిపట్టి, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటూ కనపడింది. ఆ పిల్లని తనే ఇన్నేళ్లు నమ్మలేదు.

"పదమూడేళ్లు, మాస్టారూ."

"ఊఁ."

"మా నాన్న చివరి రోజుల్లో మందుల చీటీ నా చేతికి ఎవర్నీ ఇవ్వనిచ్చేదాన్ని కాదు. తప్పు చదువుతానేమోనని."

బయట ఎవరో నీళ్లలో నడుస్తున్న చప్పుడు. సత్యశ్రీ లేచింది.

"క్షమించడమో మానడమో తర్వాత చూసుకుంటాను. ఇప్పుడు అంత టైం లేదు. చొక్కా మార్చుకుని, బయట ఆగిన జీపెక్కండి."

"మళ్లీ తప్పు చెప్తేనో?"

"రెండోసారి చూద్దాం. మూడోసారి చూద్దాం. ఈసారి రోడ్డు మీద చెట్లేం పడలేదు."

*

జీపులో ఆయన ఒళ్లో పొడుగాటి ఏరియల్ ఉంది. ఒక కర్రకి అడ్డంగా చిన్నచిన్న అల్యూమినియం కడ్డీలు బిగించాడు. వెనక సీట్లోంచి పోలరాజు దాన్నే చూస్తున్నాడు.

"చేప ముల్లులా ఉందండీ," అన్నాడు చివరికి.

"తలెటుందో తోకెటుందో తెలిసే ముల్లు ఇది," అన్నాడు కృపానందం. "ఇది ముందువైపు మాత్రమే వింటుంది."

కరకట్ట మీద గుడారాలు, గేదెలు, మంచాలు, వాటి మీద టీవీలు. పోలరాజు ఎవరూ అడక్కుండానే మాట్లాడటం మొదలుపెట్టాడు. రెండేళ్ల కిందట తనే కొనిచ్చాడట ఆ ఫోను, టార్చిలైటు ఉన్నది. గంగాదేవి మొదట్లో దాన్ని ముట్టుకోనన్నదట. తర్వాత చేపల గంప దించకుండానే బేరాలన్నీ దాంట్లోనే. "నాకు మాత్రం మిస్డ్ కాలేనండీ. ఒకటిస్తే బయల్దేరానని, రెండిస్తే టీ పెట్టమని. రెండేళ్లలో ఫోన్లో మేం మాట్లాడుకుంది లేదండీ అసలు." నవ్వబోయి మొహం తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం ఒకటిన్నరకి పడవ కదిలింది. కదిలే ముందు సత్యశ్రీ ఆఫీసుకి ఫోన్ చేసింది. అక్కడ కంప్యూటరు ముందు జూనియర్ నసీమా ఉంది.

"నసీమా, మేం ఫోన్లన్నీ ఆపేస్తున్నాం. మా ఫోన్లు బతికుంటే ఆ గోలే వినపడుతుంది మాకు. గడియారం చూసుకుని, సరిగ్గా పది నిమిషాలకొకసారి ఆ నంబరుకి కాల్ చెయ్. ఐదు రింగులు, కట్ చేసెయ్. మిగతా ఎవరి కాల్సూ వెళ్లకుండా ఆపించావుగా?"

"ఆపించాను మేడమ్. రెండింటికి మొదలుపెడతాను. మేడమ్... ఇందాక ఒకసారి చూశాను, ఇంకా నెట్‌వర్క్‌లోనే ఉంది."

పోలరాజు తన ఫోనుని చేత్తో తడిమి, ఇష్టం లేకుండానే ఆపేశాడు. కృపానందం తనకి ఫోనే లేదన్నాడు.

నీళ్లు ఎర్రగా, అటూ ఇటూ అంతులేకుండా ఉన్నాయి. అరటితోటల ఆకుల కొసలు మాత్రం పైకి తేలి కనపడుతున్నాయి. పోలరాజు ఇంజను ఆపి గెడతో తోస్తున్నాడు, డబ్బాకి ఇంజను గోల పడదు కనుక. రెండు గంటలకి కృపానందం కళ్లు మూసుకుని ఏరియల్ తిప్పాడు. ఏమీ లేదు. రెండూ పదికి ఏమీ లేదు. ఇంకో కిలోమీటరు దిగువకి జరిగారు. రెండూ ఇరవైకి ఆయన భుజం ఒక్కసారి బిగుసుకుంది.

"ఉంది."

పోలరాజు గెడ వదిలేయబోయాడు.

"ఆగవయ్యా. చాలా సన్నగా ఉంది." మళ్లీ తిప్పాడు. "అదిగో, ఆ తాడి చెట్ల ఎడమ పక్క. కానీ దీన్ని నమ్మొద్దు. పడవ అటు జరుపు. అక్కడ్నుంచి చూద్దాం."

పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రెండూ ముప్ఫైకి, కొత్త చోటి నుంచి, ఆయన ఇయర్‌ఫోను తీసి సత్యశ్రీకి ఇచ్చాడు.

"నువ్వు విను. నువ్వు చెప్పు."

ఆమె చెవిలో పెట్టుకుంది. టుర్ర్... టుర్ర్... ఇంట్లో పాత రేడియో పక్కన పెట్టిన ఫోను మోగబోయే ముందు వచ్చే ఆ గోల. ఏ ఇంట్లోనైనా విసుక్కునే చప్పుడు. ఏరియల్ తిప్పింది. తాడి చెట్లని దాటగానే పెరిగింది, తర్వాత తగ్గింది. మళ్లీ వెనక్కి తిప్పింది. చెయ్యి చాపి చూపించింది.

"అక్కడ. ఆ మోటారు గది వైపు."

"నేనూ అదే అనుకున్నాను," అన్నాడు కృపానందం మెల్లగా.

పొలానికి నీళ్లు తోడే మోటారు గది అది. గోడలు మునిగి, కాంక్రీటు కప్పు ఒక్కటే మంచమంత మేర పైన ఉంది. వరదకి తాడిమట్టలు కొట్టుకొచ్చి దాని మీద కుప్పపడ్డాయి. దూరం నుంచి చూస్తే చెత్తకుప్ప. మూడు రోజుల్లో ఆ పక్కగా ఎన్ని పడవలు వెళ్లాయో. దగ్గరికొచ్చేసరికి డబ్బా అక్కర్లేకుండానే వినపడింది, తడిసి బొంగురుపోయిన రింగ్‌టోను. సరిగ్గా రెండూ నలభై.

"గంగా!"

మట్టలు కదిలాయి.

పోలరాజు పడవలోంచి ఎలా దూకాడో, ఎలా ఎక్కాడో సత్యశ్రీకి కనపడలేదు. చూసేసరికి గంగాదేవి తల అతని ఒళ్లో ఉంది. పెదవులు పగిలి, కాలు వాచి, కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. చేతిలో ఫోను, పాలిథిన్ కవరులో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. చేపల నీళ్లు తగలకుండా రోజూ అలాగే చుట్టుకుంటుందట.

"ఎందుకే ఎత్తలేదూ?" ఏడుస్తూ అరిచాడు పోలరాజు. "మూడ్రోజుల్నుంచీ కొడతానే ఉన్నానే!"

"బటన్ పడట్లేదయ్యా." గొంతు గాలిలా ఉంది. "లోపలికి నీళ్లెళ్లాయి. నీ పేరు కనపడతానే ఉంది. నొక్కుతుంటే పడదు. మోగినంతసేపూ మాట్లాడతానే ఉన్నా నీతో. నీకు వినపడదని తెలుసు."

పోలరాజు ఆమె చేతిని మొహానికేసి అదుముకున్నాడు. సత్యశ్రీ నీళ్ల సీసా మూత తీసి చెంచాడు చెంచాడు పోసింది. వెనక్కి చూస్తే కృపానందం పడవ అంచున కూర్చుని, ఏరియల్ ఒళ్లో పెట్టుకుని, చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆమె ఇంకో నీళ్ల సీసా అందించమని చెయ్యి చాపింది. ఆయన అందించాడు. ప్రస్తుతానికి అంతే.

గంగాదేవిని పడవలోకి దించి దుప్పటి కప్పారు. ఫోను ఆరబెడదామని సత్యశ్రీ వెనక మూత తీసి బ్యాటరీ బయటికి లాగింది. పోలరాజు ఇంజను తాడు పట్టుకున్నాడు.

"ఆగు!" అన్నాడు కృపానందం.

ఇయర్‌ఫోను ఆయన చెవిలోనే ఉంది.

"నసీమా ఇంకా చేస్తోందా?"

సత్యశ్రీ గడియారం చూసింది. రెండూ యాభై ఏడు. నసీమా పిలిచే వేళ కాదు. పిలిచినా మోగడానికి ఫోను లేదు, బ్యాటరీ తన గుప్పిట్లో ఉంది. తన ఫోను, పోలరాజు ఫోను పడవ కదిలే ముందే ఆపేశారు. ఇయర్‌ఫోను అందుకుని విన్నది. టుర్ర్‌మని ఆగి ఆగి వచ్చే రింగు కాదు. ఆగకుండా, ఒకటే ధారగా వస్తోంది. అంటే లైను కలిసింది. ఇక్కడికి రెండు మూడొందల మీటర్ల లోపల ఎవరో ఫోన్లో మాట్లాడుతున్నారు.

"లంక ఖాళీ అయిపోయిందన్నారే," అంది సత్యశ్రీ. "గల్లంతైన వాళ్ల లిస్టులో మిగిలింది గంగాదేవి ఒక్కతే."

కృపానందం అప్పటికే ఏరియల్ తిప్పుతున్నాడు. చెవిలో శబ్దం పెరిగి ఆమె చెయ్యెత్తేసరికి అది తూర్పున, రొయ్యల చెరువుల గట్లున్న వైపు ఆగింది.

గంగాదేవి దుప్పటిలోంచి చెయ్యి బయటికి తీసి సత్యశ్రీ మణికట్టు పట్టుకుంది.

"నన్ను జుట్టు పట్టి ఆ కప్పు మీదికి లాగింది ఒకావిడండీ. చెరువుల మీద పనిచేసే మనిషి, మనవైపు కాదు, మాట సరిగ్గా తెలీలా. అరటి బోదెల తెప్ప మీద వచ్చింది. మిగతావాళ్లని తెస్తానని నిన్న పొద్దున వెళ్లింది. రాలేదు."

"మిగతావాళ్లేంటి?" అన్నాడు పోలరాజు. "చెరువులోళ్లందర్నీ ముందే లారీ ఎక్కించి పంపేశానని ఆసామి చెప్పాడు గదే! ఆఫీసర్లు రాసుకున్నారు కూడాను!"

"పంపలేదయ్యా. మేత బస్తాలు కాపలా కాయమని ఉంచేశాడంట." ఆమె ఊపిరి కూడదీసుకుంది. "తొమ్మిది మంది. పాక కప్పు మీదున్నారంట. అదీ కుంగిపోతోందని చెప్పింది."

సత్యశ్రీ చెవిలో ఆ ధార ఒక్కసారి తెగిపోయింది.